మిరప దగ్గు

మా వాడలో దగ్గుని ఎవరూ జబ్బుగా చూడరు. గుంటూరు శివారులో కోల్డ్ స్టోరేజీలు వరసగా కట్టిన రోడ్డు పక్కన పుట్టి పెరిగాను నేను. మాఘమాసం వచ్చేసరికి కల్లాల్లో కాయ ఎండుతుంది, లారీలు మొదలవుతాయి, ఇక ఎండలు ముదిరేదాకా వీధి వీధంతా దగ్గుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని “ఎలా ఉంటారండీ బాబూ ఇక్కడ” అంటే మాకు కొంచెం గొప్పగా కూడా ఉండేది. చంటిపిల్ల దగ్గినా, పాస్టరు గారు వాక్యం మధ్యలో దగ్గినా, పెళ్ళికూతురు దండ వేస్తూ దగ్గినా మాట ఒక్కటే: “ఘాటమ్మా, ఘాటు.” అంతటితో సరి. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి ఎవరి పనిలో వాళ్ళు పడతారు.

ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. రెండోసారి అది మా అక్క మీదికి వచ్చింది. అప్పటికి నేను ఫార్మసీ చదివి, ఆ రోడ్డు మలుపులోనే మందుల షాపు కౌంటర్లో పదిహేనేళ్ళుగా నిలబడుతున్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి “పాపం, తెలియని మనుషులు” అని ఎవరూ జాలిపడకూడదు. నాకు అన్నీ తెలుసు. నేను తెలిసి చేసినదాన్ని.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న మిరప టిక్కీలు, అంటే కాయ బస్తాలు, మోసే ముఠాలో కూలి. అక్క పన్నెండో ఏట నుంచీ తొడిమలు తీయడానికి పోయేది. ఎండిన కాయని ఎడమ చేత్తో పట్టుకుని కుడి బొటనవేలి గోరుతో తొడిమని ఎగరగొట్టడం, కాయ ఇటు, తొడిమ అటు. చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసి చూస్తే తెలుస్తుంది. ఆ చేతులతోనే వచ్చి నాకు అన్నం కలిపేది. ఎంత కడుక్కున్నా మంట పోయేది కాదు, చిన్నప్పుడు నా పెదాలు ఎప్పుడూ చురచురలాడుతూ ఉండేవి. నన్ను చదివించింది ఆ వేళ్ళే. అక్కకి అద్దంకి వైపు సంబంధం చేశారు. బావ పెళ్ళైన ఆరేళ్ళకి ట్రాక్టరు తిరగబడి పోయాడు. పిల్లల్లేరు. తిరిగి నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నది వేరే సంగతి, దాన్ని ఇక్కడికి లాగను. ఇంట్లో మేమిద్దరమే.

నలభై ఎనిమిదో ఏట అక్క వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున లేవగానే పిడికిలి విప్పలేకపోయేది. గంటసేపు వేడినీళ్ళలో పెడితే గానీ గ్లాసు పట్టుకోవడం వచ్చేది కాదు. కొన్నాళ్ళు “పని ఎక్కువై” అనుకున్నాం. కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరబడి కీళ్ళని తినేస్తున్నాయని చెప్పారాయన. నెమ్మదస్తుడు, విసుక్కోని మనిషి. వారానికోసారి వేసుకునే మాత్రలు రాశారు, స్టెరాయిడ్ రాశారు, ఇంజక్షన్లు ఇచ్చారు. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికి వచ్చేది. ఒక ఏడాదంతా అలాగే గడిచింది. ఆ ఏడాది అక్కకి తల నేనే దువ్వాను, అన్నం నేనే కలిపి పెట్టాను, స్నానం నేనే చేయించాను. చర్చిలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే తను రెండు చేతులూ కొంగు కింద దాచుకుని కూర్చునేది.

అప్పుడు డాక్టరు గారు కొత్త రకం మాత్ర గురించి చెప్పారు. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నారు, టీబీ పరీక్ష చేయించమన్నారు. రెండూ బాగానే వచ్చాయి. అప్పటికే వాడుతున్న స్టెరాయిడ్ వల్ల ఆ పరీక్ష ఒక్కోసారి దాగి ఉన్నదాన్ని పట్టుకోలేదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇంకో ప్రశ్న అడిగారు.

“ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందామ్మా? మీ అమ్మగారికి, నాన్నగారికి?”

“లేదండి” అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైగా ఆయన ముందు మందులు తెలిసినదానిలా మాట్లాడాలన్న తాపత్రయం ఒకటి. “ఎవరికీ లేదు సార్, ఫ్యామిలీ హిస్టరీ ఏమీ లేదు” అని ఇంగ్లీషులో కూడా చెప్పాను. పక్కన అక్క తల ఊపింది. మేమిద్దరం అబద్ధం ఆడలేదు. నాన్న నాలుగేళ్ళు దగ్గి దగ్గి, కట్టెపుల్లలా అయ్యి, చివర్లో నెత్తురు కక్కుకుని పోయాడు. ఒకే గదిలో మా ఇద్దరి పక్కనే పడుకునేవాడు. కానీ ఆయనది ఘాటు దగ్గు. టిక్కీలు మోసేవాళ్ళకి ఊపిరితిత్తులు అలాగే పోతాయని వాడంతా అన్నారు, మేమూ అన్నాం. ఆ దగ్గుకి ఇంకో పేరు ఉండొచ్చని ఫార్మసీ చదివే రోజుల్లో గానీ, షాపులో టీబీ మందులు అమ్మిన రోజుల్లో గానీ ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు. చదువు ఎక్కడికి పోయిందో మరి.

మాత్ర మొదలుపెట్టిన రోజు అక్కని కూర్చోబెట్టి అది ఏం చేస్తుందో చెప్పాను. అది నాకు సరదా. కౌంటర్లో ఎవరికీ అంత తీరిక ఉండదు, ఇంట్లో వినేది తనొక్కతే. కాపలా కణాలకి బయటి నుంచి కబుర్లు అందుతుంటాయి. కబురంటే ఒక చిన్న ప్రొటీను. అది కణంలోకి పోదు, పైపొర మీద తన కోసం ఉన్న చోట వచ్చి అతుక్కుంటుంది. ఆ పొరకి లోపలి వైపు జాక్ అనే ఎంజైమ్ కాచుకుని ఉంటుంది. బయట కబురు అతుక్కోగానే ఇది కదిలి, ఫాస్ఫేటు అనే చిన్న ముక్కని తీసుకుని లోపలున్న ఇంకో ప్రొటీనుకి అంటిస్తుంది. ఆ ముక్క అంటితేనే ఆ ప్రొటీను కణం నడిమధ్యకి వెళ్ళి అక్కడి జన్యువుల్ని పనికి లేపుతుంది. అప్పుడు కణం రెచ్చిపోతుంది, ఇంకో పదింటిని రెచ్చగొడుతుంది, కీలు వాస్తుంది. ఇదంతా అక్కకి కోల్డ్ స్టోరేజీ మీద పెట్టి చెప్పాను.

“లారీ గేటు దగ్గర ఆగిద్ది కదక్కా. డ్రైవరు లోపలికి పోడు. చీటీ గుమాస్తాకి ఇస్తాడు. గుమాస్తా దాని మీద ముద్ర కొడితేనే లోపల ముఠా కదిలిద్ది. ఈ మాత్ర పోయి ఆ గుమాస్తా ఇంకు డబ్బా పెట్టుకునే చోట కూర్చుంటది. ఇంకు పెట్టుకోడానికి చోటు లేదు, ముద్ర పడదు. చీటీలు ఎన్నొచ్చినా లోపల ఎవుడూ కదలడు.”

అక్క తన వాచిన వేళ్ళ వంక చూసుకుంది. ఏడో క్లాసు దాటని మనిషి. అడగాల్సిన ప్రశ్న తనే అడిగింది.

“అన్నీ తప్పుడు చీటీలే వస్తయ్యా? మంచి చీటీ కూడా వచ్చిద్దిగా. దానికీ ముద్ర పడదుగా మరి?”

“అందుకే చెప్తన్నా విను. దగ్గు గానీ, సాయంత్రం పూట జొరం గానీ వస్తే వెంటనే నాకు చెప్పాలి. అప్పుడు మాత్ర ఆపెయ్యాల్సి వచ్చిద్ది.”

“ఆపేస్తే నా చేతులో?”

“మళ్ళీ ఇట్టాగే అయితయ్.”

“సరే” అంది అక్క. మాత్రతో వచ్చిన కాగితంలో సన్నక్షరాలన్నీ కూడా చదివి వినిపించాను. బాగా చెప్పాననే అనుకున్నాను. నిజంగానే బాగా చెప్పాను. నేను చెప్పిన ప్రతి ముక్కా తనకి అర్థమైంది. తర్వాత జరిగిందంతా అర్థం కావడం వల్లే జరిగింది.

మూడు వారాలకి, ఒక పొద్దున నేను లేచేసరికి అక్క చేట ముందేసుకుని గోంగూర ఆకు గిల్లుతోంది. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు. పెద్ద విశేషమేమీ కానట్టు గిల్లుకుంటూ పోయింది. నేను గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను. ఆ వారం చర్చిలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, పాట అయిపోయాక కూడా రెండు కొట్టింది, ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. ఆ సిగ్గూ లేదు ఆమెకి.

రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ తొడిమల పనికి పోతానంది. వద్దన్నాను. నేను సంపాదిస్తున్నాను కదా, నీకేం ఖర్మ అని అరిచాను. “చేతులొచ్చాక ఊరికే ఎట్టా కూర్చోనే” అంది. నాకు లోపల సంతోషమే. షాపుకి వచ్చేవాళ్ళతో చెప్పుకునేదాన్ని, మా అక్క మళ్ళీ పనికి పోతోంది అని. మాత్ర నేను కనిపెట్టినట్టు మాట్లాడేదాన్ని.

ఆ ఏడు కాయ బాగా వచ్చింది. మాఘం చివర్లో అక్కకి దగ్గు మొదలైంది. వీధిలో అందరికీ మొదలైంది. “ఘాటక్కా, కొంచెం సిరప్ తాగు” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు చెప్పుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది, కానీ అన్నాను. మా షాపు గోడకి ప్రభుత్వం వాళ్ళు అంటించిన కాగితం ఒకటి ఉంది. రెండు వారాలకి మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి అని అంత పెద్ద అక్షరాలు. దాని కింద స్టూలు మీద కూర్చునే అక్క నా దగ్గర సిరప్ తీసుకునేది. వేరేవాళ్ళెవరైనా నెల రోజులుగా దగ్గుతున్నామంటే “ముందు పరీక్షకి పోండి, సిరప్ ఇవ్వను” అని కసిరి పంపేదాన్ని నేను. వాళ్ళు పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు. మా వాడ దగ్గు నా చెవికి దగ్గుగా వినపడదు.

అక్క బరువు తగ్గింది. “పనికి పోతన్నాగా” అంది. సాయంత్రాలు ఒళ్ళు వేడిగా ఉండేది. “ఎండన పడి వచ్చాను” అంది. రోహిణి ఎండలు అయిపోయాయి, లారీలు తగ్గాయి, వీధిలో దగ్గులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అక్క దగ్గు మాత్రం ఆగలేదు. కానీ కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయని వానాకాలంలో కూడా తీసి తొడిమలు తీయిస్తూనే ఉంటారు, అక్క పోతూనే ఉంది. ఒకసారి అనుమానం వచ్చి, “నాలుగు రోజులు పని మానేసి చూడు, అప్పటికీ తగ్గకపోతే పరీక్ష చేయిద్దాం” అన్నాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఒంట్లో బాగాలేకపోయినా తయారై పోయేది. “ఏంటే నీకింత పని పిచ్చి” అని తిట్టాను. తిట్టి, షాపుకి పోయాను.

శ్రావణమాసంలో ఒక రోజు అక్క అన్నం క్యారేజీ మర్చిపోయి వెళ్ళింది. మధ్యాహ్నం షాపు మూసి నేనే పట్టుకెళ్ళాను. కూలీల్ని పిలిచే మేస్త్రీ ఆడమనిషే, మాకు ఎరుకే. షెడ్డు గుమ్మంలోనే నన్ను ఆపింది.

“మీ అక్కతో నేను పడలేకపోతన్నానమ్మా. కొంచెం చెప్పు నువ్వైనా.”

“ఏం చేసింది?”

“ఏం చెయ్యటమా? నెల రోజుల్నించీ కాయ ముట్టుకుంటే ఒట్టు. గుట్ట పక్కన కూర్చుని దగ్గుతా ఉంటది. ఓపిక లేదు, ఇంటికి పోయి పడుకోవే అంటే ఇనదు. ‘నాకు కూలి ఇయ్యమాక, ఇక్కడ కూర్చోనియ్యి చాలు’ అంటది. ఇదెక్కడి ఇడ్డూరం తల్లీ?”

నాకు అప్పటికీ తలకెక్కలేదు. లోపలికి వెళ్ళాను. వరసగా ఆడవాళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకుని కాయ తీస్తున్నారు. అక్క అందరికంటే అవతల, గుట్టని ఆనుకుని గోనె మీద కూర్చుంది. ముఖానికి గుడ్డ కట్టుకోలేదు. బాగైన ఆ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి మడత పెట్టుకుంటుంటే ఎర్రటి మరక కనపడింది. అంత మిరపకాయ మధ్య ఆ మరకని ఎవరు పట్టించుకుంటారు? నన్ను చూసి గబుక్కున చేతిలోకి రెండు కాయలు తీసుకుంది.

ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. కళ్ళె పరీక్షలో టీబీ అని వచ్చింది. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి పై భాగంలో పెద్ద బొరియ. చీటీలో జాక్ మాత్ర పేరు మీద రెండు గీతలు గీసి కీళ్ళ డాక్టరు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

“మీ నాన్నగారు ఎలా పోయారమ్మా?”

చెప్పాను. చెబుతుంటే, రెండో వాక్యంలోనే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. నాన్న దగ్గుతూ పడుకున్న ఆ గదిలో ఆ క్రిములు అక్క ఒంట్లోకి చేరాయి. ముప్పై ఏళ్ళు కాపలా కణాలు వాటి చుట్టూ దడి కట్టుకుని, బయటికి రానివ్వకుండా కూర్చున్నాయి. “అక్కడే ఉండండి, కదలొద్దు” అనే కబురు వాటికి రోజూ అందుతూ ఉండాలి. ఆ కబురు కూడా ఆ జాక్ ఎంజైమ్ చేతి మీదుగానే పోతుంది. మాత్రకి మంచి కబురూ చెడ్డ కబురూ తెలియదు. కీలు నొప్పిని ఆపినంత చక్కగా ఈ కబురునీ ఆపింది. దడి వదులైంది. మాత్ర మీద నాకు కోపం లేదు. చేస్తానన్న పనే చేసింది అది.

నెత్తురు ఆగేదాకా అక్కని ఆస్పత్రిలో ఉంచారు. జాక్ మాత్ర ఆ రోజే ఆపేశారు. ఆపకపోయినా ఉపయోగం ఉండేది కాదు. టీబీకి ఇచ్చే ఎర్ర మాత్ర కాలేయంలో ఇంకో ఎంజైమ్‌ని ఎగదోస్తుంది, అది జాక్ మాత్రని వచ్చింది వచ్చినట్టు అరిగించేస్తుంది. రెండు మందులు ఒకే ఒంట్లో ఇమడవు. అక్కకి ఊపిరో వేళ్ళో, ఏదో ఒకటే.

మూడో రోజు కొంచెం తేరుకున్నాక అడిగాను. మెల్లగా అడగాలనుకున్నాను. నా వల్ల కాలేదు.

“పని చెయ్యకుండా ఆ గుట్ట పక్కన ఎందుకు కూర్చున్నావే?”

అక్క గోడ వైపు చూస్తూ చెప్పింది. “ఇంట్లో కూర్చుని దగ్గితే నువ్వు కనిపెడతావు. కాయ కాడ దగ్గితే ఎవురికి పట్టింది? సాయంత్రం ఇంటికొచ్చి దగ్గినా, పొద్దున్నుంచీ ఘాట్లో ఉందిలే అనుకుంటావు.”

“చచ్చిపోతావని తెలవదా?”

“తెలుసు. నువ్వేగా చెప్పింది.”

“తెలిసి ఎందుకు చేశావు మరి? చేతులేనా నీకు ముఖ్యం? నేను లేనా చెయ్యడానికి?”

అప్పుడు నా వైపు తిరిగింది. “ఆ ఏడాది ఒక ఆదివారం, చర్చికి టైమైపోతంది. నాకు జాకెట్టు హుక్కులు పెడతన్నావు. రెండు పెట్టావు. మూడోది జారింది. ‘నా బతుకంతా ఇదేనా’ అన్నావు. గట్టిగా అనలా చిన్నదానా, నీలో నువ్వే అనుకున్నావు. నేను ఇన్నాను.”

ఆ మాట నాకు గుర్తు లేదు. ఆ ఆదివారమూ గుర్తు లేదు. అనలేదని మాత్రం చెప్పలేను, నా నోరు నాకు తెలుసు. అక్క నన్ను నిందించడం లేదు. మందు ఎందుకు మానలేదో రోగి చెప్పినట్టు చెప్పింది, అంతే. తర్వాత కళ్ళు మూసుకుంది. నేను వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎవరి మీదైనా అరవాలనిపించింది. నర్సు మీద, మేస్త్రీ మీద, ముప్పై ఏళ్ళ కిందట పోయిన నాన్న మీద. అరవడానికి సరైన మనిషి ఒక్కరూ దొరకలేదు.

టీబీ మందులు ఆరు నెలలు. నాకూ పరీక్షలు చేశారు, ముందు జాగ్రత్తకి మాత్రలు ఇచ్చారు. దగ్గు రెండో నెలకే తగ్గింది. చేతులు అంతకంటే ముందే బిగుసుకుపోయాయి. ఈసారి నేను చాలా జాగ్రత్తగా ఉన్నాను. షాపుకి ఆలస్యమైనా నోరు మెదపలేదు. అన్నం కలిపి పెట్టాను, తల దువ్వాను, హుక్కులు పెట్టాను, ఒక్క మాట తూలలేదు. అక్క మాత్రం నా చేతుల్ని వినేది. దువ్వెన కొంచెం గట్టిగా లాగితే భుజాలు దగ్గరకి తీసుకునేది. మగ్గుతో నీళ్ళు కొంచెం తొందరగా పోస్తే “చాల్లే, చాల్లే” అనేది, ఇంకా సబ్బు నురగ ఒంటి మీదే ఉండగా. మధ్యాహ్నం నేను లేనప్పుడు బాత్రూముకి పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేసింది. అది నాకు నాలుగో నెలలో తెలిసింది, మూత్రంలో మంట వచ్చాక.

అన్నిటికంటే ఘోరం ఒకటుంది, అదీ చెప్పేస్తాను. కొన్ని రోజులు నాకు నిజంగానే విసుగొచ్చింది. ఆమె గురించి అంతా తెలిశాక, గుట్ట పక్కన కూర్చున్న మనిషిని కళ్ళారా చూశాక కూడా విసుగొచ్చింది. పైకి అనలేదు కాబట్టి మంచిదాన్నైపోయానని అనుకోలేకపోయాను.

మందులు పూర్తయ్యాక కీళ్ళ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. కళ్ళె పరీక్షలో క్రిములు లేవు, కొత్త ఎక్స్‌రేలో మాత్రం పై భాగమంతా తెల్లటి మచ్చ. నాలుగు మెట్లు ఎక్కితే అక్కకి ఆయాసం. ఆయన ఆ ఫిల్ము చూశారు, బల్ల మీద పెట్టిన అక్క చేతులు చూశారు. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి.

“మాత్ర మళ్ళీ మొదలుపెట్టడానికి వీలుంది” అన్నారు. “కానీ ఊపిరితిత్తి ఒకవైపు దెబ్బతింది. ఇంకోసారి ఏదైనా వస్తే తట్టుకోవడం కష్టం. వద్దనుకుంటే నొప్పికి ఏదో ఇస్తాను, చేతులు మాత్రం ఇలాగే ఉండిపోతాయి. మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండమ్మా.”

“వద్దు సార్” అన్నాను వెంటనే. “మాత్ర వద్దు. నేను చూసుకుంటాను.”

అక్క నా వైపు తిరిగింది. ఎత్తిపొడుపు లేదు, ఏడుపు లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.

“ఎన్నాళ్ళు చూస్తావే?”

ఉన్నన్నాళ్ళూ అనాలి. ఏ మనిషైనా అదే అంటుంది, అబద్ధమైనా అంటుంది. నేను నోరు తెరిచాను. కౌంటర్లో రోజంతా ఆగకుండా వాగే నోరు. ఒక్క మాట బయటికి రాలేదు. డాక్టరు గారు నా ముఖం వంక చూశారు, తర్వాత అక్క ముఖం వంక చూశారు. నేను ఇంకా ఏమైనా అంటానేమోనని కాసేపు ఆగారు. అక్క చేతులు నెమ్మదిగా ఒళ్ళోకి తీసుకుంది. ఆయన కలం తీసి మాత్ర రాశారు.

దారిలో మా షాపు దగ్గర ఆగి నేనే స్ట్రిప్పు తీసుకున్నాను. ఇంటికి వచ్చాక అక్క దాన్ని అడిగి పుచ్చుకుంది. ముడుచుకున్న వేళ్ళతో రేకు మీద నొక్కింది, చిరగలేదు. పళ్ళతో కొరికింది, జారి కిందపడింది. వంగి తీసుకోబోయి, ఆయాసం వచ్చి ఆగిపోయింది. నేనే తీసి, రేకు చింపి, మాత్ర ఆమె నోట్లో వేశాను.